వియ్యంకుడు తెచ్చిన సీసా

హనుమంతరాయుడు ఆదోనిలో పత్తి వ్యాపారి. గురువారం వచ్చిందంటే మంత్రాలయం పోయి రావలసిందే. మందు షాపున్న వీధిలో నడవడం ఇష్టం లేక చుట్టు తిరిగి పోయే మనిషి. అలాంటి మనిషి ఇంట్లో, శ్రావణమాసం పూట, వియ్యంకుడు బసవన్న చేతిసంచిలోంచి ఎర్ర వైను సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"మన తోటదే బీగరే. చుట్టాల్లో మొదటి సీసా మీకే," అన్నాడు, కన్నడంలో వియ్యంకుణ్ణి పిలిచినట్టే పిలిచి.

బసవన్నకు విజయపుర పక్కన చిన్న ద్రాక్షతోట ఉంది. ఆయన కొడుకు హరీష్, హనుమంతరాయుడి కూతురు పావని రాయచూరులో కలిసి చదువుకుని, పెద్దల్ని ఒప్పించి పెళ్లి చేసుకున్నారు. పెళ్లినాటికి ఆ తోట పండంతా ఎండుద్రాక్షగా అమ్ముడుపోయేది. తర్వాత కొత్త జంటకు వైను ఆలోచన వచ్చింది. లైసెన్సు తెచ్చుకుని, తోటలోనే షెడ్డు వేసి, ఇంటిల్లిపాదీ పండు కోసి పులియబెట్టారు. సీసా మీది బొమ్మ పావని గీసిందే.

ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోతూ బసవన్న దారిలో దిగాడు. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది, కూతురి కష్టాన్ని తీసిపారేసినట్టవుతుంది. తాగితే రాఘవేంద్రస్వామికి ఏ మొహం చూపించాలి? హనుమంతరాయుడు కాసేపు తర్జనభర్జన పడ్డాడు. ఒక్క గుక్క తాగి, ఈసారి తుంగభద్రలో ఇంకో మూడు మునకలు ఎక్కువ వేస్తే సరిపోతుందని స్వామితో మనసులోనే బేరం కుదుర్చుకున్నాడు.

సీసా తెరిచే పనిముట్టు ఆ ఇంట్లో ఎందుకుంటుంది? హనుమంతరాయుడు స్కూటరు డిక్కీలోంచి పట్టుకారు తెచ్చి, బిరడాలోకి ఒక స్క్రూ తిప్పి లాగితే, అది ఊడివచ్చిన ఊపుకి తెల్లపంచె మీద ఎర్రచుక్కలు పడ్డాయి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చిన భార్య రుక్మిణి ఆ పంచెను ఓసారి చూసి పళ్లాలు బల్ల మీద పెట్టింది.

రెండు స్టీలు గ్లాసుల్లో పోసుకున్నారు. మీరు కానివ్వండంటే మీరు కానివ్వండనుకున్నారు. బజ్జీలు అయిపోతున్నాయి గానీ గ్లాసులు పెట్టిన చోటే ఉన్నాయి. చివరికి బసవన్నే నోరు విప్పాడు.

"నిజం సెప్తాను బీగరే. మెడలో లింగం ఉన్నోణ్ణి, ఇంతవరకు నాలిక మీద పెట్టలేదు. ఊర్లో అందరూ బాగుందంటాండారు. నా మొహం చూసి అంటాండారో, నిజంగానే అంటాండారో తెలీదు. మీరు పత్తి పట్టుకుని చూసి ఉన్నదున్నట్టు సెప్పే మనిషి. మీతో సెప్పించుకుందామని వచ్చినాను."

హనుమంతరాయుడికి గుండె మీది బండ దిగింది.

"నేనూ ముట్టనప్పా. మీరు బాధపడతారని గ్లాసు పట్టుకున్నాను."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక బసవన్న మొహం కొంచెం చిన్నబోయింది. అంత దూరం మోసుకొచ్చిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది మరి. అప్పుడు రుక్మిణి చెయ్యి చాచింది.

"పావని పుట్టినప్పుడు మా యమ్మ నాకు నెలంతా ద్రాక్షారిష్టం తాపింది. అదీ పులిసిన ద్రాక్షరసమే కదా. ఇట్లియ్యండి."

మగవాళ్లిద్దరూ పరీక్షా ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా చూస్తుండగా ఆమె ఒక గుక్క తాగి మొహం ముడిచింది. బజ్జీ కొరికి ఇంకో గుక్క తాగింది. ఈసారి తొందరపడకుండా మింగింది.

"వగరుగా ఉందన్నా. నేరేడుపండ్లు తింటే నాలిక పట్టేస్తాదే, అట్లా. బజ్జీ కారం మీద తాగితే మాత్రం ఆ వగరు తగ్గి పండు వాసన పైకొస్తాంది. మంచిదే. ఇంకొన్నాళ్లు ఆగింటే ఇంకా బాగుండేది."

బసవన్న అప్పటికప్పుడే కొడుక్కి ఫోన్ చేసి ఆమెతోనే ఆ మాటలు అలాగే చెప్పించాడు. హరీష్, తొందరపడి సీసాలకెత్తామేమోనని తనకూ అనుమానంగానే ఉందని, వచ్చే కాపుకి ఓపిక పడతానని ఒప్పుకున్నాడు. వెనకనుంచి పావని, అమ్మ వైను తాగిందా అని పదేపదే అడుగుతూ నవ్వాపుకోలేకపోయింది.

"పొగిడినోళ్లు శానామంది ఉండారు," అన్నాడు బసవన్న ఫోన్ పెట్టేసి. "సరిగ్గా సెప్పింది మీరొక్కరే చెల్లెమ్మా."

ఆయన్ను ఉరుకుంద బస్సు ఎక్కించి హనుమంతరాయుడు ఇంటికి వచ్చేసరికి, రుక్మిణి సీసాకు బిరడా బిగించి ఊరగాయ జాడీల పక్కన సర్దుతోంది. ఏదో మాటవరసకన్నట్టు, నిజంగా అంత బాగుందా అని అడిగాడు.

"మొదటి గుక్క బాగలేదు. రెండోది బాగుంది," అంది.

"మూడోది?"

"మూడోది మీరుండంగా తాగలేదు కదా," అని ఆమె వంటింట్లోకి పోయింది.

హనుమంతరాయుడు అటూ ఇటూ చూసి, బల్ల మీది ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. వాసన చూస్తే స్వామి ఏమీ అనుకోడులే అని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.