పాస్టరుగారి పాదాల వైపు

సంచిలో రెండో చీర పెడుతుంటే మా అమ్మాయి సంగీత లాగేసింది.

"సాయంత్రానికి జనగామకు మళ్లొస్తం గదనే అమ్మా! గిన్ని బట్టలేంది? కాపురానికి పోతున్నవా?"

"పోయేటోళ్లు ఎవరన్న రామని చెప్పి పోతరానే? ఉండనియ్యి" అన్నాను. చీర మళ్లీ లోపల పెట్టి, పైన మందులూ కళ్లద్దాలూ సర్దుకున్నాను.

నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో పాత లూథరన్ చర్చి సమాధుల తోటను బాగుచేస్తున్నారు. తుమ్మలు కొట్టేసి, పడిపోయిన సిలువలు నిలబెట్టి, చుట్టూ గోడ కడుతున్నారు. పేరులేని సమాధులు ఎవరివో వచ్చి చూపిస్తే రాయి వేస్తామనీ, లేకపోతే ఆ నేల చదును చేస్తామనీ సంఘం తరఫున పనులు చూసే మహీధర్ ఫోను చేశాడు. మా అమ్మ సమాధికి పేరు లేదు. ఉన్న గుర్తు ఒక్కటే. మా పాత పాస్టరుగారి కాళ్ల వైపు, ఆయన పాదాలకు ఎదురుగా అమ్మ పాదాలు.

తుమ్మలు లేని తోటను నేను గుర్తుపట్టలేకపోయాను. సమాధులన్నీ సున్నం వేసుకుని వరసగా ఉన్నాయి, సిలువలన్నీ ఒకే వైపున. నేను బడికి పోలేదు. చర్చి గోడమీది వాక్యాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో సిలువా కూడబలుక్కుంటూ పోయి పాస్టరుగారి పేరు పట్టుకున్నాను. సిలువ ఉన్నది తలవైపు కదా అని, రెండో వైపుకు నడిచాను.

అక్కడ తూర్పు గోడకు పునాది తవ్వి ఉంది. నడుము లోతు.

మట్టికుప్ప మీద కూలబడ్డాను. "అమ్మను తవ్విపారేసిన్రు బిడ్డా!"

సంగీత మహీధర్ మీదికి పోయింది. "రమ్మని నువ్వే ఫోన్ జేస్తివి. వచ్చేదాంక ఆగకపోతివా?"

"ఒట్టక్కా! గీడ ఉత్త మొరమే ఎల్లింది. మనిషి బొక్క ఒక్కటి గూడ ఎల్లలే. అడుగు, మహమ్మదన్ననే అడుగు."

గోడ కడుతున్న మేస్త్రీ మహమ్మద్ తాపీ పక్కన పెట్టి వచ్చాడు. నా మాటంతా విని తల గోక్కున్నాడు.

"అవ్వా, జర ఆగు. గీ సిలువ ముందుగాల గుంత దిక్కే ఉండె. అన్నీ అటుంటే గిదొక్కటే ఇటెందుకుంది, ఎవడో తాగి పెట్టిండనుకొని మేమే పీకి అటు దిక్కు పాతినం."

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. మాలో అందరినీ తల పడమరకు పెట్టి పూడుస్తారు, పునరుత్థాన దినాన లేచి తూర్పుకు చూడాలని. మా చర్చిలో పాస్టరుకు మాత్రం తల తూర్పుకు పెడతారు.

"అయ్యగారి తల ఇటే మేస్త్రీ" అన్నాను. "వాక్యం చెప్పినప్పటి లెక్క, లేస్తే మా మొఖాలు జూడాలె."

"యా అల్లా! అయ్యగారిని గోడ దిక్కు తిప్పి నిలబెట్టినమా!"

"సంఘం పెద్దగ జేసిన మా తాతకు తెలిస్తే గీ గుంతల నన్ను పెడుతుండె" అన్నాడు మహీధర్.

పడమటి వైపుకు నడిచాం. పాస్టరుగారి కాళ్ల దగ్గర ఎవరూ ముట్టని చిన్న దిబ్బ, మీద గడ్డి. దానిమీద చెయ్యి వేసి కూర్చున్నాను. వాళ్లిద్దరూ సిలువను పెకలించి మళ్లీ తూర్పుకు మోసుకుపోయారు.

మహీధర్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "రాయిమీద ఏం పేరు రాయాలె అవ్వా?"

"బుచ్చమ్మ."

"మీ నాయినది ఏడుంది? పక్కపక్కనే ఉంటే ఇద్దరికీ ఒకటే రాయి ఏపిస్తం."

ఒక్క పేరే రాయమన్నాను. మా నాయిన యోహాను, అమ్మను పూడ్చిన మరుసటేడు, 1968 ఎండాకాలంలో, భూపాలపల్లి అడవికి వెదురు కొట్టే పనికి పోయాడు. తిరిగి రాలేదు.