అనుమతిస్తారా?

దర్బ్ గల్లెఫ్ బజారులో ఫోను బాగుచేయించుకునేవాడు కళ్ళు ఫోనుమీదే పెట్టి నిలబడాలి. కాసాబ్లాంకాలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అటు తిరిగి దగ్గితే బ్యాటరీ మారిపోతుంది, ఇటు తిరిగి తుమ్మితే ఇంట్లోవాళ్ళ ఫోటోలు పక్క కొట్టులో తేలతాయి. అందుకే జవాద్ దగ్గనూ లేదు, తుమ్మనూ లేదు. రేకుల కప్పు కింద ఉడికిపోతున్నా కోటు విప్పకుండా, రిపేరు చేసే జుహైర్ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

కొట్టంటే అదేం పెద్ద కొట్టు కాదు. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఎండలో ఉండాల్సిందే. కానీ లినక్సుతో నడిచే ఫోనుల లోపలికి దూరి రాగలవాడు ఆ బజారు మొత్తానికి జుహైర్ ఒక్కడేనని బీమా ఆఫీసులో మిత్రుడు చెప్పి పంపాడు. ఫోను చైనా సరుకు. పైన అద్దంలా మెరిసే మూత, లోపల వేలితో తాకితే పలికే తెర. జవాద్ జేబులోంచి మెమరీ కార్డు తీసి బల్లమీద పెట్టాడు. అందులో ఒక చిన్న జావా ప్రోగ్రాం ఉంది. ఫోను ఏ టవర్ కింద ఉంటే ఆ టవర్ పేరును అరగంటకోసారి ఒక నంబరుకి మెసేజ్ చేస్తుంది. అంతకుమించి దానికేమీ రాదు.

"ఎక్కించడానికేముంది అన్నా, చిటికెలో పని. కానీ దీనిమీద ఏ కంపెనీ సంతకమూ లేదు," అన్నాడు జుహైర్. "ఊరూ పేరూ లేని ప్రోగ్రాం మెసేజ్ పంపబోతే ఫోను ఊరుకోదు. తెరమీద అడుగుతుంది. 'ఈ ప్రోగ్రాం ఫలానా నంబరుకి మెసేజ్ పంపాలంటోంది, అనుమతిస్తారా?' అని. అవును నొక్కితేనే పోతుంది."

"ఆ అడగడమే ఉండకూడదు."

జుహైర్ చెయ్యి ఆగింది. "ఎందుకుండకూడదు?"

"వద్దంటే వద్దు. లినక్సు ఫోనైతే నువ్వు లోపలికెళ్ళి మార్చగలవని చెప్పారు."

"మార్చగలను. మిగతా ఫోనులు తాళంచెవి కంపెనీవాడి దగ్గర పెట్టుకుంటాయి, ఇది పాపం తలుపు తడితే తీస్తుంది. ఇంతకీ ఫోనెవరిది?"

"నాదే."

"మెసేజ్ పోవాల్సింది ఎవరికి?"

"నాకే."

జుహైర్ మెడ బయటకు సాచి ఎదురు కొట్టువాడికి వినపడేలా కేకేశాడు. "ఒరేయ్, ఇది విన్నావా? ఈ పెద్దమనిషి తన ఫోను నుంచి తనకే మెసేజులు పంపుకుంటాడట! అదీ తనకే తెలియకుండా!"

ఎదురు కొట్టువాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. జవాద్‌కి దొంగకు తేలు కుట్టినట్టయింది. 

నిజం చెబితే ఒక్క ముక్కలో తేలిపోయేది. ఆ ఫోను అతని తండ్రి సీ మిలూద్‌ది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, వీధిలో తగువొస్తే రెండు పక్షాలవాళ్ళూ వెళ్ళి ఆయన గుమ్మంలోనే కూర్చునేవారు. అలాంటి మనిషి ఈమధ్య రొట్టె కొనడానికని వెళ్ళి ఇల్లు మరిచిపోతున్నాడు. ఒకసారి పోలీసు చెయ్యి పట్టుకు తీసుకొచ్చాడు. పొరుగువాళ్ళకు మాత్రం సెత్తాత్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికెళ్ళొచ్చాడని చెప్పారు. తండ్రికి షుగరుందని చెప్పుకోవచ్చు, గుండె జబ్బని చెప్పుకోవచ్చు, మతి పోతోందని ఎలా చెప్పుకుంటారు? రేపు మళ్ళీ తప్పిపోయి ఏ లారీ కిందో పడితే? జవాద్‌కి ఆ భయంతో కునుకు పట్టడంలేదు. పోనీ ఫోను చేసి పిలుద్దామా అంటే, అది మోగగానే ముసలాయన ఉలిక్కిపడి గోడకేసి కొడతాడు. ఇంతకుముందొకటి అలాగే ముక్కలైంది. అందుకే ఈసారి మోత ఆపేసి, ఈ జావా ప్రోగ్రాంనే నమ్ముకున్నాడు.

కానీ జుహైర్‌తో ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఇలాంటి బజారు మనిషికా చెప్పేది!

"పెళ్ళయిందా అన్నా?" అన్నాడు జుహైర్, ఫోనుకు తీగ తగిలిస్తూ.

"అయింది."

"వదిన ఏం చేస్తుంది?"

"మా ఆవిడ సంగతి నీకెందుకు?"

"నాకెందుకులే. నాకూ చెల్లెళ్ళున్నారు గనక ఏదో అడిగాను."

వీడికి చెల్లెళ్ళుంటే నాకేమిటి, రేటు పెంచడానికి వేస్తున్న ఎత్తు కాకపోతే, అనుకున్నాడు జవాద్. ఫోను తెరిచాడు గదా అని ఇంకేదైనా పురుగును లోపలికి తోస్తాడేమో అని మరింత దగ్గరగా జరిగాడు. జుహైర్ కంప్యూటర్లో నల్ల తెర తెరిచి తెల్ల అక్షరాలు టకటకా కొట్టుకుంటూ పోయాడు. జవాద్ అతని చేతుల్ని కాపలా కాశాడేగాని తెరమీద పోతున్నదేమిటో అతనికేం తెలుసు! అనుమానం మనిషిని నిలబెడుతుంది గాని చదువు చెప్పదు కదా.

"ఫోను ఆన్ చెయ్యగానే ప్రోగ్రాం తనంతట తనే లేచి కూర్చునేట్టు పెట్టాను," అన్నాడు జుహైర్. ఫోను ఆన్ చేశాడు. తెరమీద ప్రశ్న వచ్చింది. అవును నొక్కాడు. జవాద్ జేబులో సొంత ఫోను గుర్రుమంది. తీసి చూస్తే టవర్ పేరు ఉంది. మరోసారి పంపించి చూపాడు. ఈసారి ప్రశ్న లేదు, మెసేజ్ మాత్రం వచ్చింది.

"చూశావుగా, మళ్ళీ అడగలేదు," అన్నాడు జుహైర్. కళ్ళు మాత్రం కలపలేదు.

జవాద్ డబ్బిచ్చాడు. థాంక్స్ చెప్పలేదు. బ్యాటరీ తనదేనా, మెమరీ కార్డు తనదేనా అని బజారు దాటాక ఫోను ఆపకుండానే వెనక రేకు తీసి చూసుకున్నాడు.

ఇంట్లో తండ్రికి అది గడియారమని చెప్పాడు. "బా, ఇది జేబు గడియారం. మెళ్ళో వేసుకో, నమాజు వేళలు తప్పవు." ముసలాయన తెరమీది అంకెలు చూసి మురిసిపోయి, తాడు మెళ్ళో వేసుకుని జెల్లాబా అంగీ లోపలికి తోసుకున్నాడు. భార్య బుష్రా వంటింటి గుమ్మంలోంచి అంతా చూసింది.

"మేకకి గంట కట్టారన్నమాట," అంది.

"నెమ్మదిగా. గోడలకు చెవులుంటాయి."

"ఉంటే ఉండనీండి. ఆ పక్కింటావిడకు తెలియనిదేమైనా ఉందా? మీరు దాచేది మీ దగ్గరే."

అతను పట్టించుకోలేదు. మెసేజులు ఠంచనుగా వస్తున్నాయి. ఎప్పుడు చూసినా అదే టవర్, తమ వీధి టవరే. ఆఫీసులో ఫోను గుర్రుమన్నప్పుడల్లా జవాద్ ప్రాణం కుదుటపడేది. ఆ జుహైర్‌ని అనవసరంగా అనుమానించానేమోనని కూడా ఒకసారి అనుకున్నాడు.

అనుకున్న వారంలోనే మెసేజులు ఆగిపోయాయి.

ఆ రోజు ఆఫీసుకు వచ్చినప్పటినుంచీ ఒక్కటీ రాలేదు. సిగ్నల్ లేదేమోనని మనసుకి సర్దిచెప్పుకుంటూ కూర్చున్నాడు. ఇంతలో బుష్రా ఫోను చేసింది.  "డాబామీద బట్టలారేసి దిగేసరికి మామయ్య లేరు. వీధంతా చూశాను."

"ఫోను మెళ్ళో ఉందా?"

"ఉంది. నిన్న రాత్రి ఏదో నొక్కి ఆపేసుకున్నారు, పొద్దున నేనే ఆన్ చేసి, మూత మూసి మెళ్ళో వేశాను."

ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. జవాద్ తలలో ఏదో తళుక్కుమంది. వాడే, ఆ బజారు వెధవే! కోటు కూడా తీసుకోకుండా టాక్సీ ఎక్కాడు.

జుహైర్ అతన్ని చూడగానే చేతిలోది కింద పెట్టాడు. ఎందుకొచ్చాడో తెలిసిపోయినట్టే ఉంది వాడి మొహం.

"మెసేజులు ఎందుకు రావడంలేదు? ఏం చేశావు నా ఫోనుకి?"

"ఫోను అడిగిందన్నమాట," అన్నాడు జుహైర్ తాపీగా. "ఒకసారి అవునంటే ఫోను ఆపేదాకా అడగదు. ఆపి మళ్ళీ పెడితే అడుగుతుంది. అలాగే పెట్టాను. కావాలనే పెట్టాను. పోలీసుని పిలుచుకుంటావా, పిలుచుకో."

"ఎందుకు పెట్టావు?"

"ఆవిడకి తెలియాలని. ఒక్కసారైనా ఆ ప్రశ్న ఆవిడ కళ్ళబడాలని. పెళ్ళాం మీద అంత అనుమానముంటే మొహంమీదే అడుగు, దొంగచాటుగా..."

"పెళ్ళామేమిటి! అది మా నాన్న ఫోనురా! మతిపోయింది మా నాన్నకి! ఇల్లు మరిచిపోయి తిరుగుతున్నాడు!"

ఆ కేక సందు చివరిదాకా వినపడింది. ఎదురు కొట్టువాడు ఈసారి నవ్వలేదు. 

"ఆ మాట ఆ రోజే అనొచ్చుగా అన్నా," అన్నాడు జుహైర్.

"నువ్వయితే అంటావా?"

జుహైర్ షట్టర్ సర్రున కిందికి లాగి, స్కూటర్ తీశాడు. "ఎక్కు," అన్నాడు.

ముందు చక్కెర ఫ్యాక్టరీ గేటుకి వెళ్ళారు, లేడు. మసీదులో చూశారు, అక్కడా లేడు. జవాద్ స్కూటర్ వెనక కూర్చుని రోడ్డుకి రెండువైపులా చూపు పరుస్తున్నాడు. ఎక్కడ జనం మూగినా మెడ సాచి తొంగి చూస్తున్నాడు. ఒకచోట అడ్డంగా ఆగిన లారీని చూసి కళ్ళు మూసుకున్నాడు. టైరు పంక్చరైంది, అంతే. జుహైర్ స్కూటర్ ఆపి వెనక్కి తిరిగాడు.

"ఇలా చూస్తూ పోతే సాయంత్రానికి కూడా తేలదన్నా. దిగి అడుగు. నోరు తెరిచి అడుగు."

"ఏమని అడగను?"

"ఉన్నదే అడుగు."

మొదటి కొట్టులో, "ఒక పెద్దాయన... ఇటు వచ్చారా?" అన్నాడు. పెద్దాయనలు ఊరినిండా ఉన్నారన్నాడు కొట్టువాడు. తర్వాత కొట్టులో, మెళ్ళో ఫోను ఉంటుందన్నాడు. ఆ తర్వాత కసాయివాడి దగ్గర తెగించి అనేశాడు. "మా నాన్న. మతిస్థిమితం లేదు. దారి తెలియదు ఆయనకి." కసాయివాడు కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "అయ్యో, మా అమ్మా అంతేనయ్యా," అన్నాడు. అతనే పక్క సందులోకి మనుషుల్ని పంపాడు. ఇన్నాళ్ళూ దేనికి దాచినట్టు అని జవాద్‌కి ఏడుపొచ్చింది. దర్బ్ సుల్తాన్ పేట మలుపులో పుదీనా బండివాడు చేత్తో చూపించాడు. "పసుపు చెప్పుల హాజ్ పెద్దాయనేనా? అదుగో, స్ఫెంజ్ గారెల కొట్టు దగ్గర."

సీ మిలూద్ స్ఫెంజ్ వేసేవాడి పొయ్యి పక్కన స్టూలుమీద, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో సగం కొరికిన స్ఫెంజ్, ఇంకో చేతిలో తెరిచిన ఫోను. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. జవాద్ ఒక్క పరుగున వెళ్ళి ఆయన భుజం పట్టుకున్నాడు.

"బా! ఎక్కడికెళ్ళిపోయావు బా!"

ముసలాయన భుజం మెల్లగా విడిపించుకుని, అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవరు బాబూ నువ్వు?"

ఇంతకుముందు దారి మరిచిపోయాడుగాని మనిషినెప్పుడూ మరిచిపోలేదు.  జుహైరే ముందుకొచ్చి మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఫోను తెరమీద ఆ ప్రశ్న వెలుగుతూనే ఉంది.

"హాజ్, ఇదేదో అడుగుతున్నట్టుందే?"

"పొద్దుట్నుంచీ ఇదే గోల. అరగంటకోసారి అడుగుతుంది, ఈ నంబరుకి కబురు పంపనా అని. వద్దంటాను. సిగ్గులేదు, మళ్ళీ అడుగుతుంది."

"ఎందుకు వద్దంటున్నారు?"

"ఆ నంబరు మా అబ్బాయిది." ముసలాయన అంకెలన్నీ గడగడా అప్పజెప్పాడు, ఒక్కటీ తప్పలేదు. "వాడిప్పుడు ఆఫీసులో ఉంటాడు. పనిలో ఉన్నవాణ్ణి ఊరికే పిలిచి విసిగించడమెందుకు? నేనేం చిన్నపిల్లాణ్ణా?" అని, మరుక్షణమే ఏదో తట్టినట్టు ఫోను మూత టప్పున మూసి గుప్పెట్లో దాచుకున్నాడు. "అయినా ఇవన్నీ మీకెందుకు? ఎవరు మీరిద్దరూ?"

జుహైర్ తల పక్కకు తిప్పుకున్నాడు. జవాద్ కళ్ళు తుడుచుకుని చెప్పాడు.

"మీ అబ్బాయి పంపించాడండీ. మిమ్మల్ని ఇంటికి తీసుకురమ్మన్నాడు."

"అలా చాలామంది అంటారు. ఏదీ, వాడి పేరు చెప్పు."

"జవాద్."

ముసలాయన ఆ పేరును కాసేపు మనసులో తూచుకున్నాడు. మొహం మెల్లగా తేటపడింది. మిగిలిన స్ఫెంజ్ కాగితంలో చుట్టి జెల్లాబాలో పెట్టుకుని లేచి, జవాద్ చెయ్యి పట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"చూడు నాయనా, ఒక్క మాట. నేను దారి తప్పానని మా వాడితో అనకు."

"ఎందుకనకూడదు?"

"వాడు పరువుగా బతికేవాడు. తట్టుకోలేడు."

"అననండీ," అన్నాడు జవాద్.