మోరీలో కొట్టుకుపోయిన మోత

రండి, రండి. వెనకవాళ్ళు ముందుకు జరగండి, చాప అందరికీ సరిపోతుంది. సంచులు ఒళ్ళోంచి దించి గోడకు పెట్టండి. అక్కడెవరో పెన్సిలుతో పలక మీద టకటకమని కొడుతున్నారు. కొట్టనీయండి. ఇవాళ చెప్పేది ఆ పని చేసే మనిషి గురించే.

కల్పన రోజూ చీకటి విచ్చేసరికి లేచేది. చిల్కానగర్ నుంచి నాచారం దాకా నడిచే పోయేది. అక్కడ అట్టపెట్టెల కంపెనీలో ఒక పెద్ద మిషను పక్కన ఆమె పని. మిషను అట్ట మీద మడత గీతలు కొట్టి వదిలితే, ఆమె దాన్ని పెట్టెగా మడిచి పక్కన పేర్చాలి. మిషను దిగుతుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకున్నట్టు బుస్సుమంటుంది, మళ్ళీ దిగుతుంది. ఆరేళ్ళుగా ఆమె చేతులు ఆ వరసకే మడుస్తున్నాయి. మూడింటికి షిఫ్టు దిగి, టీ తాగి, రెండు గల్లీల అవతలున్న విశ్వనాథం ఆర్కెస్ట్రా గదికి పోయి డ్రమ్స్ ముందు కూర్చునేది. పెళ్ళిళ్ళకు, బోనాలకు ఆ ఆర్కెస్ట్రాను పిలుస్తారు. పిలుపు వచ్చిన రోజుకే కల్పనకు కూలి. డ్రమ్స్ వెనక కుర్చీ ఇంకా ఆమెది కాలేదు.

డ్రమ్స్ మీరు చూసే ఉంటారు. కింద తోలు డ్రమ్ములు, పైన స్టాండ్ల మీద గొడుగుల్లా నిలబడ్డ కంచు పళ్ళేలు. ఆ పళ్ళేలనే సింబల్స్ అంటారు. తోలు డ్రమ్ము గొంతు నచ్చకపోతే మర తిప్పి బిగించుకోవచ్చు. కంచుకు తిప్పే మర లేదు. పైగా కంచు, డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చేతినే గుర్తు పెట్టుకుంటుంది. ఇంకెవరు కొట్టినా కొన్నవాళ్ళ మోతే వస్తుంది. పాలు కాగితే పొంగుతాయని తెలిసినట్టే, ఈ సంగతి నాచారంలో అందరికీ తెలుసు.

విశ్వనాథం గదిలో ఉన్న మూడు సింబల్సూ బాలరాజువి. ఒకప్పుడు అక్కడ వాయించినవాడు. చేతి నరం పట్టేసి మానుకొని, దమ్మాయిగూడలో కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. పోతూ పోతూ సింబల్స్ గదిలోనే వదిలేశాడు. ఐదేళ్ళుగా కల్పన వాటినే కొడుతోంది. కర్ర ఆమెది, మోత బాలరాజుది. "కండ్లు మూసుకుంటే అచ్చం బాలరాజే" అని జనం మెచ్చుకునేవాళ్ళు. విశ్వనాథం ఎప్పుడూ కళ్ళు మూసుకునే వినేవాడు.

ఆ మెప్పు కల్పనకు బాగానే ఉండేది. దాని వెనక ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆమె కర్ర ఎంత వంకరగా పడ్డా మోత సాఫుగానే వచ్చేది. ఐదేళ్ళలో తన తప్పు ఒక్కటి కూడా ఆమె చెవిన పడలేదు.

ఆషాఢం రాగానే విశ్వనాథం ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"బిడ్డా, ఇన్ని దినాలు ప్రోగ్రాం ఉంటేనే పిలిచిన. ఇగ నెల జీతం మీద ఒక్కళ్ళనే పెట్టుకుంట. నువ్వో, పవన్‌కుమారో."

పవన్‌కుమార్ కరెంటు ప్యాడ్ వాయిస్తాడు. వేలితో తడితే అందులోంచి ఏ మోతయినా వస్తుంది.

"ఐదేండ్ల సంది నేను కొడుతున్న గద సార్. బాలరాజన్న లెక్కనే కొడుతవని మీరే అంటరు."

"గదే నా ఫికర్. బాలరాజు మోతనే కావాలంటే ప్యాడ్‌ల ఎక్కించుకుంట. అది బువ్వ అడుగది, ఆటో కిరాయి అడుగది. ఉప్పల్ బోనాల ప్రోగ్రాంల ఇని చెప్త."

"అంటే సొంత సింబల్స్ కొనాల్నా సార్?"

"నన్నడుగుతవేంది? నీ చెవులను అడుగు."

చెవులను అడగడానికి కల్పనకు ధైర్యం చాలలేదు. ఆమె దగ్గర కొంత డబ్బుంది, పాత స్కూటీ కొనుక్కుందామని దాచుకున్నది. ముందు కుర్చీ రానీ, తర్వాత కొందాం అనుకుంది. కొంటేనే కదా కుర్చీ వచ్చేది అని కూడా అనుకుంది. ఈ రెండింటి అడుగున ఇంకో మాట ఉంది. కొన్నాక, మొదటి దెబ్బకే తన చేతిలో ఏమీ లేదని తేలిపోతే? అలా ఆ నెల గడిచిపోయింది.

బోనాలు ఆదివారం. ఇంట్లో సాధన చేసుకుందామని శుక్రవారం సాయంత్రం సింబల్స్‌ను బియ్యం సంచిలో పెట్టుకొని తెచ్చుకుంది. శనివారం యథాప్రకారం పనికి పోయింది. ఇంట్లో వాళ్ళమ్మ ఉప్పలమ్మ, అమ్మవారి బోనానికని ఇత్తడి బిందెలు, తాంబాలాలు నల్లా దగ్గర వేసుకొని చింతపండుతో తోముతోంది. మూలనున్న సంచి కనబడింది. తీసి చూస్తే మూడు పళ్ళేలు, నల్లగా, మరకలతో.

మధ్యాహ్నం కల్పన గల్లీ మలుపు తిరిగేసరికి మోరీలోంచి పెళ్ళి బరాత్ మోత వినబడింది. పక్కింటి ఉమారాణి మోరీ గట్టు మీద ఆరేసిన వడియాలను అవతలికి జరుపుతోంది.

"మీ అమ్మ సింబల్స్ తోమింది కల్పనా. పది గంటల సంది గిదే. బాలరాజు వాయించిన పెండ్లిళ్ళన్ని వరసబెట్టి పోతున్నయ్. మా ఆయన గట్టు మీద కూసొని ఇనుకుంట రెండు ముద్దలు ఎక్కువనే తిన్నడు."

కల్పన పరుగెత్తింది. నల్లా దగ్గర చివరి మోత ఒకటి, సన్నగా, చింతపండు పిప్పిలో చిక్కుకొని కాసేపు తిరిగి, నీళ్ళతోపాటు మోరీలోకి జారింది.

"ఏం జేసినవమ్మా!"

"ఏం జేసిన? అమ్మవారి ముంగట వాయించేటియి గంత నల్లగుంటయా? సూడు, మొకం కనబడుతుంది."

నిజంగానే ముఖం కనబడుతోంది. కల్పన కర్ర తీసి కొట్టింది. ఇసుక బస్తా మీద కొట్టినట్టు దబ్బుమంది. ఇంకోటి కొట్టింది. అదీ అంతే.

సంచి భుజాన వేసుకొని ఆటో ఎక్కి దమ్మాయిగూడ చేరేసరికి నాలుగున్నర దాటింది. కర్రీ పాయింట్ ముందు జనం వరసకట్టి ఉన్నారు. బాలరాజు గరిటెను గిన్నె అంచుకు తట్టినప్పుడల్లా, ఐదేళ్ళుగా ఆమె కర్ర కింద పలికిన మోతే ఆ గిన్నెలోంచి లేస్తోంది. కూర కట్టించుకున్నవాళ్ళు కూడా పోకుండా నిలబడ్డారు.

"పొద్దుగాల పప్పు కలుపుతుంటే వచ్చింది చెల్లె," అన్నాడు బాలరాజు. "నరం గట్లనే ఉంది, ఏలు వంగది. కని మోత వచ్చింది. తోమిన్రా?"

"అమ్మకు తెల్వక తోమింది. తప్పయిందన్నా."

"తప్పేంది? నాది నా ఇంటికొచ్చింది."

"రేపే ప్రోగ్రాం. ఇవి పలుకుతలేవు. నువ్వొక్కసారి కొట్టియ్యన్నా, మల్ల నీ మోత ఎక్కుతది."

బాలరాజు గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "కొడత. దానికేముంది? రేపు అందరు కండ్లు మూసుకొని మెచ్చుకుంటరు."

కర్ర కోసం చెయ్యి చాచాడు. కల్పన ఇవ్వబోయి ఆగింది.

"అన్నా, నువ్వు ఇవి ఎప్పుడు కొన్నవ్?"

"నేనా? మూడేండ్లు మంది సింబల్సే కొట్టిన, వేరేటోళ్ళయి. కర్ర పట్టుడు నేర్చుకునే దాక మందియే మంచియి. ఒకనాడు ఎక్కడ తప్పు కొడుతున్ననో నాకు ఇనాలనిపించింది. తెల్లారి పోయి కొన్న. కొందరికి గట్ల అనిపియ్యనే అనిపియ్యది. వాళ్ళు గూడ మంచిగనే బతుకుతరు." చెయ్యి ఇంకా చాచే ఉంది. "ఇయ్యి మరి, అవతల గిరాకీ ఉంది."

ఆమె కర్రను వెనక్కి తీసుకుంది.

"కొట్టకు. ఎంతకిస్తవో చెప్పు."

బాలరాజు నవ్వాడు. "ఊకెనే తీస్కపొమ్మందును. ఊకె ఇస్తే మల్ల నాయే అయితయి. నువ్వు దేనికోసమన్న దాసినవా?"

"స్కూటీకి."

"అయితే అదే ఇయ్యి."

కల్పన ఫోను తీసి, స్కూటీ కోసం దాచిందంతా పంపింది. బల్ల మీది పేమెంటు డబ్బా, డబ్బు చేరిందని గట్టిగా చెప్పింది. సంచిలో సింబల్స్, నిద్రలో పక్కకు తిరిగిన మనిషిలా, ఒక్కసారి కదిలి ఊరుకున్నాయి. దారిలో ఆమె వాటిని తట్టి చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో స్టేజీ కింద జనం నిండారు. పవన్‌కుమార్ ప్యాడ్ పక్కనే సిద్ధంగా ఉంది. విశ్వనాథం ముందు కుర్చీలో కూర్చొని ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. మైకులో, "డ్రమ్స్ మీద మన బాలరాజు లెక్క వాయించే అమ్మాయి" అని చెప్పారు.

మొదటి దెబ్బ వంకరగా పడింది. మోత కూడా వంకరగానే వచ్చింది, సన్నగా, గొంతు సవరించుకున్నట్టు. ముందు వరసలో ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఒకడు, "ఏమైందే, రేకు పగిలిందా?" అన్నాడు. కల్పన చెవులు వేడెక్కాయి. ఐదేళ్ళ తర్వాత మొదటిసారి ఆమెకు తన తప్పు వినబడింది. మణికట్టు ఎక్కడ బిగుసుకుంటోందో కూడా తెలిసింది. దాన్ని వదులు చేసి మళ్ళీ కొట్టింది. నాలుగోసారికో ఐదోసారికో మోత నిలబడింది. దిగుతుంది, ఆగుతుంది, చిన్న ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ దిగుతుంది. అలాంటి మోత అంతకుముందు ఎవరి చేతిలోనూ లేదు.

జనంలో అట్టపెట్టెల కంపెనీ ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఓ, ఇది మన కల్పనే" అంది ఒకామె, స్టేజీ వైపు చూడకుండానే. తలల మీద బోనాలతో నడుస్తున్నవాళ్ళ అడుగులు ఆ ఊపిరి దగ్గర ఆగి, దిగి, ఆగి, దిగి సాగాయి. ఏ బోనమూ తొణకలేదు.

విశ్వనాథం కళ్ళు తెరిచాడు. పాట అయ్యేదాకా మళ్ళీ మూయలేదు. తర్వాత లేచి, మైకు అందుకొని, "డ్రమ్స్ మీద కల్పన" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. పవన్‌కుమార్ ప్యాడ్ వైరు చుట్టుకొని, వేరే ప్రోగ్రాం ఉందని వెళ్ళిపోయాడు.

సోమవారం కల్పన పని మానేస్తున్నానని చెప్పడానికి కంపెనీకి పోయింది. స్కూటీ లేదు కాబట్టి నడిచే పోయింది. ఉప్పలమ్మ మాత్రం అప్పటినుంచి ఆ సంచి జోలికి పోలేదు. చింతపండు డబ్బా కూడా పై అరలోకి ఎక్కించింది.

ఇంక లేవండి. చెంగిచెర్ల వైపు వాళ్ళు కలిసి నడవండి. ఇళ్ళల్లో కంచాలు పెట్టే ఉంటారు, అన్నం చల్లారనీయకండి. ముద్ద పెట్టుకునే ముందు కంచం అంచును వేలితో ఒక్కసారి తట్టి వినండి. ఎవరి మోత వచ్చిందో నాకు చెప్పక్కర్లేదు. పొండి, తినండి.