మంగలి కొట్టు మీది చేప

వేసవి ముదిరిందంటే మా ఓజార్క్ కొండల్లో బాస్ చేపలకు కూడా ఒళ్ళు మండుతుంది. ఒడ్డు నీళ్ళు వదిలేసి సరస్సు అడుక్కి, చల్లటి చీకట్లోకి దిగిపోతాయి. ఆ ఏడు ఎండ ఎలా ఉందంటే, మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మ నడుచుకుంటూ వచ్చి చర్చి వరండాలో నీడకి కూర్చుంది. పాస్టరుగారు దానికి నిమ్మరసం ఇచ్చారని కూడా అంటారు. ఆయన పిసినారితనం తెలిసినవాళ్ళెవరూ అది మాత్రం నమ్మరు.

హాయిట్ లెడ్‌బెటర్ రోజూ పొద్దున్నే చేపలు పట్టడానికి పడవ వేసుకుని సరస్సు నడిమధ్యకు వెళ్ళేవాడు. ఆ నీళ్ళ కింద మా పాత ఊరు సీడర్ మిల్ ఉంది, ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయింది. దారం కొసన సీసం ముక్క కట్టి వదిలితే, కింద అది దేనికి తగిలిందో హాయిట్ వేలికి తెలిసిపోయేది. మెత్తగా ఆగితే బడి పెరడు. ఠంగుమంటే రేకుల కప్పు.

అంత లోతు నుంచి పైకి లాగిన చేపకి పొట్ట బూరలా ఉబ్బిపోతుంది. ఊరికే వదిలేస్తే మునగలేక వెల్లకిలా తేలుతూ గద్దల పాలవుతుంది. అందుకని దాన్ని నీళ్ళలోనే పట్టుకుని, రెక్క వెనక సన్నటి సూది గుచ్చి, గాలి తీసి పంపించాలి. ఆ గాలి పాత ఊరిదేగా మరి! మునిగిన ఇళ్ళలో చిక్కుకుపోయిన ఊపిరి. బుడగలు పైకొచ్చి పగిలితే, ఆ రోజుల్లో ఆ ఇంట్లో అన్న మాటలు వినపడతాయి. అంతకు ముందేడు మా ఊరి యూలా వాళ్ళ మునిగిన ఇంటి మీద పట్టిన చేపలోంచి వాళ్ళమ్మ "బూట్లు తుడుచుకుని రావే!" అని అరిచింది. అప్పట్నుంచి యూలా పడవ ఎక్కేముందు కూడా బూట్లు తుడుచుకుంటోంది. అలాంటి చేపల్ని వేపుకు తినడం మా వైపు మర్యాద కాదు.

హాయిట్ అందరి ఇళ్ళ మీదా చేపలు పట్టాడు గానీ, మంగలి కొట్టు వైపు మాత్రం ఎప్పుడూ దారం వదల్లేదు. కుర్రతనంలో ఆ కొట్టు అద్దం ముందు నిలబడి, వెర్నాతో చెప్పాల్సిన మాట ఒకటి తెగ సాధన చేశాడు మరి. నలభై ఏళ్ళయినా ఆ మాట గొంతు దాటలేదు. ఈలోగా వెర్నా దాణా కొట్టాయన్ని చేసుకుంది, ఆయన పోయాడు, ఆవిడ జుట్టు నెరిసింది. ఇప్పుడు ఇల్లు కూడా అమ్మేసి, కాన్సస్ సిటీలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ప్రయాణం రోజు రానే వచ్చింది. పెట్టెలెక్కించిన ట్రక్కు ఒడ్డునే ఆగి ఉంది.

"పోయేముందు ఒక్క చేప పట్టించవయ్యా" అందావిడ.

పడవలో హాయిట్ తెడ్లు వదిలేశాడు. తినడానికి తెచ్చుకున్న బిస్కెట్ల మీది గుడ్డ ముడి విప్పలేక అవస్థ పడుతుంటే పడవ ఎటో కొట్టుకుపోయింది. ఇంతలో వెర్నా దారం కింద ఎక్కడో ఠంగుమంది.

"పడిందయ్యోయ్!"

లాగితే, దూడంత చేప! సరే, దూడ కంటే ఓ పిసరు చిన్నది. హాయిట్ "ఆగు, ఆగు" అంటున్నా వినకుండా వెర్నా దాన్ని నీళ్ళలో పట్టుకుని సూది గుచ్చేసింది. ముందు గడ్డం సబ్బు వాసన గుప్పుమంది. తర్వాత ఓ కుర్రగొంతు.

"వెర్నా..."

హాయిట్ గబుక్కున బొటనవేలితో ఆ చిల్లు నొక్కేశాడు.

"ఎండెక్కుతోంది. పద, పోదాం."

"వేలు తియ్యి."

"ఏదో పాత చెత్తలే వెర్నా, ఎందుకొచ్చిన గోల..."

"చేప చచ్చిపోతుందయ్యా, మొద్దూ!"

నిజమే. చేప నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది. హాయిట్ కళ్ళు మూసుకుని వేలు తీశాడు.

"వెర్నా, నాకు రెండు ఆవులున్నాయి. ఛీ, ఆవులెందుకురా మధ్యలో!"

ఇంకో బుడగ.

"వెర్నా, నా పళ్ళన్నీ గట్టివే."

దాని వెనకే మంగలి నవ్వు. "పళ్ళు చూపించి అమ్ముకోడానికి నువ్వేమన్నా గుర్రానివట్రా? తిన్నగా చెప్పి చావు!"

 చిట్టచివర శనగగింజంత బుడగ ఒకటి తేలింది.

"వెర్నా, నువ్వు లేనిచోట నేనుండలేను."

చేప ఒక్కసారి తోక ఆడించి అడుక్కి వెళ్ళిపోయింది.

హాయిట్ టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు. వెర్నా సరస్సులో చేతులు కడుక్కుంది. ఒకసారి కడిగి, మళ్ళీ కడిగింది.

"ఆ ఆవులేమయ్యాయి?"

"వాటి మునిమనవరాళ్ళున్నాయి" అన్నాడు టోపీ కిందనుంచి.

"పళ్ళో?"

"ఇంట్లో, గ్లాసులో."

వెర్నా నవ్విన నవ్వుకి అలలు లేచి ఆనకట్టకి కొట్టుకున్నాయి. కళ్ళు తుడుచుకుని, ఆవిడే తెడ్లందుకుని పడవని ఒడ్డుకి నడిపింది. ట్రక్కువాడు అప్పటికే హారన్ మోగిస్తున్నాడు.

"టైమవుతోందమ్మా! కాన్సస్ సిటీ అంటే మాటలా?"

"అటు కాదు బాబూ. బండి వెనక్కి తిప్పు."

"వెనక్కి ఎక్కడికమ్మా, ఇల్లు అమ్మేశారుగా?"

వెర్నా హాయిట్ తలమీది టోపీ సరిచేసింది.

"ఆవులున్న చోటికి."