ఆరో పేజీ

బ్యాంకులో డబ్బు కట్టే కిటికీ నాలుగింటికి మూసేస్తారు. ఇప్పుడు రెండున్నర. రోషన్ బీ తన ఇంట్లో కూర్చుని మూడు లక్షల నలభై వేలకు ఫారం నింపింది. సంతకం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

కళ్యాణదుర్గంలో ఆమె చేసే వేరుశనగ చిక్కీ అమ్మని టీకొట్టు లేదు. ఆ చిక్కీ వండే ఇంట్లో మాత్రం రెండో గొంతు వినబడి రెండేళ్లయింది. భర్త హబీబుల్లా వేరుశనగ దళారి. పిల్లలు లేరు. ఆయన పోయాక పొయ్యి, బెల్లం డబ్బాలు, కాయలు వలిచే మిషను మిగిలాయి. మొన్న మిషను కూడా పోయింది. అది అమ్మగా వచ్చినవే ఈ మూడు లక్షల నలభై వేలు.

నాలుగు నెలల కిందట దుబాయ్ నుంచి ఆఫ్తాబ్ అనే అతను ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఎవరో పెట్టిన ఆమె చిక్కీ వీడియో చూశాడట. అక్కడ ఆమె పేరు మీదే కంపెనీ పెట్టిస్తానన్నాడు. ముందు కంపెనీ పేరు ఖాయం చేయించాలి, ఆ తర్వాత ట్రేడ్ లైసెన్సు. చిరునామా కోసం ఒక ఆఫీసులో టేబుల్ అద్దెకు తీసుకోవాలి. ఆపైన వీసా, మెడికల్ పరీక్ష, గుర్తింపు కార్డు, చిట్టచివర బ్యాంకు ఖాతా. పేరు కోసం పాతికవేలు ఆమె అప్పుడే పంపింది. లైసెన్సు కాగితాలు తయారయ్యాయని మొదటి పేజీ, ఆఖరి పేజీ ఫోన్‌కు పంపాడు. మిగతాది ఈరోజు కట్టకపోతే ఆ పేరు రద్దయిపోతుందన్నాడు.

రోజూ పొద్దు గూకే వేళ మగ్రిబ్ నమాజు కాగానే అతని ఫోన్ వచ్చేది. "ఆపా, తిన్నావా?" సొంత అక్కను పిలిచినట్టు, అదే మొదటి మాట. లైసెన్సు సంగతి ఆ తర్వాతే. తినకపోయినా తిన్నానని చెప్పేది రోషన్ బీ. ఫోన్ పెట్టేశాక ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి రెండు ముద్దలు తినేది.

ఫోన్ మోగింది.

"ఏమాపా, బ్యాంకుకు బయల్దేరినావా?"

"పోతాండా. చెప్పులు యాడ పెట్టినానో చూస్తాండా."

చెప్పులు తలుపు వెనక ఉన్నాయి. వాటి పైన, మేకుకు, ఇనుప గొట్టం వేలాడుతోంది. ఒక కొన సూదిగా ఉంటుంది. మూట కడుపులో పొడిస్తే లోపలి కాయలు గొట్టంలోంచి చేతిలోకి రాలతాయి. మూటలో పైనా, అడుగునా గట్టి కాయ పోసి, నడుమ తాలు కాయ దాచేవాళ్లు బజారులో ఎప్పుడూ ఉంటారు. అందుకే హబీబుల్లా మూట నడుమ పొడవకుండా ఏనాడూ ధర చెప్పలేదు.

రోషన్ బీ గొట్టం వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ దళారి భార్య నాలుగు నెలలుగా మూట పైభాగమే చూస్తోంది.

"ఆఫ్తాబూ, లైసెన్సు కాగితాలు పదకొండు కదా. నాకు మొదటిది, ఆఖరుది పంపినావు. ఆరోది పంపు."

"ఆరో పేజీలో ఏముంటాదాపా? అంతా రూల్సే."

"ఉండనీ. చూసినాకనే పోతా."

"నన్ను నమ్మవా?"

"నమ్ముతాండా. పంపు."

మూడయింది. మూడుంబావు. ఆమె చెప్పులు వేసుకుని గడపలో కూర్చుంది. తనకు ఇంగ్లీషు రాదని ఆఫ్తాబ్‌కు తెలుసు. చిక్కీ ప్యాకెట్ల మీద ఇంగ్లీషు చీటీలు రాసీ రాసీ అక్షరాలు పట్టుబడ్డాయని అతనికి తెలియదు. మూడుంబావు దాటాక పేజీ వచ్చింది. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంది. కంపెనీ యజమాని: తిప్పేష్. ఊరు: గుంతకల్లు. సరుకు: మిరప్పొడి. కింద ఫోన్ నంబరు.

ఆమె ఆ నంబరుకు చేసింది. పెద్దాయన గొంతు పలికింది. వెనక రైలు కూత.

"కళ్యాణదుర్గం నుంచి రోషన్ బీని మాట్లాడతాండా. నా దుబాయ్ లైసెన్సు కాగితంలో మీ పేరుండాది."



"దుడ్లు కట్టేసినావామ్మా?"

"ఈపొద్దు కట్టాల."

"కట్టొద్దు. రైల్వేలో రిటైరైతే వచ్చిన దుడ్లు నేను కట్టి కూర్చున్నా. లైసెన్సు నంబరు ఆ దేశం వాళ్ల వెబ్‌సైట్లో కొట్టించి చూస్తే, అట్లాంటి కంపెనీనే లేదు. ఫీజు నేరుగా వాళ్ల ఆఫీసుకే కట్టాలంట. ఎవని ఖాతాకో కాదు. అదీ నాకు ఆనక తెలిసింది." ఆయనే అడిగాడు. "నీకు పేరేమని చెప్పినాడు?"

"ఆఫ్తాబ్."

"నాకు వెంకటేశులు."

రోషన్ బీ ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"రోజూ పొద్దు కుంకినాక చేసేటోడమ్మా. అన్నా, తిన్నావా అని. ఇంట్లో నేనొకణ్ణే. అందుకే పడిపోయినా."

గడప కింద చీమలు బెల్లం పలుకు ఒకటి ఈడ్చుకుపోతున్నాయి. ఆమె వాటినే చూస్తూ వింది.

"పోలీసు స్టేషనుకు ఒక్కణ్ణే పోతే నవ్వి పంపినారు," అన్నాడు తిప్పేష్. "ఇద్దరం పోతే రాసుకుంటారేమో."

"పొద్దున బస్సుకు వస్తా."

ఆమె ఫారం నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. నాలుగయింది. డబ్బు ఖాతాలోనే ఉంది. ఆఫ్తాబ్ నుంచి ఆరుసార్లు ఫోన్ వచ్చి ఆగింది. అతని నంబరు తీసేద్దామనుకుంది. రేపు పోలీసులకు చూపించాలి కదా అని ఉంచింది. అది నిజమైన కారణమేనా అని తనను తాను అడగలేదు.

మగ్రిబ్ అయింది. అలవాటైన వేళకు ఫోన్ మరోసారి మోగింది. తెర మీద ఆఫ్తాబ్ పేరు వెలిగింది. ఆమె చేయి చాచి, మధ్యలోనే ఆపింది. చివరిదాకా మోగి, అదే ఆగిపోయింది. ఫ్యాను తిరిగే చప్పుడు మిగిలింది.

రోషన్ బీ కంచంలో అన్నం పెట్టుకుని రెండు ముద్దలు తింది. గొట్టం వేలాడే తలుపు వైపు చూసి, ఎవరూ అడగకుండానే, "తిన్నా" అంది.