పెద్దమ్మ కాటా, పానగోస్ నోరు

మా ఊరి ఆలివ్ గానుగలో కాటా ముందు కూర్చునేది మా పెద్దమ్మ ఎవాంథియా. బస్తాలు కాటా ఎక్కగానే తూకం చూసి, ఆవరణకు అటు చివరనున్న ఆఫీసుకు తెలియజేయడం ఆమె పని. కాటా పాతది. దాని సీరియల్ పోర్టు నుంచి నేల కింద కేబుల్ వేసి ఆఫీసు కంప్యూటరుకు కలిపారు. పోయిన కోతల్లో ఎలుకలు దాన్ని కొరికేశాయి. అప్పటి నుంచి పెద్దమ్మ గొంతే కేబుల్ అయింది. ఆమె కిటికీలోంచి తూకం అరిచేది, ఆఫీసులో వాళ్ళు విని ఎక్కించుకునేవారు.

అంత సందు చాలు మా ఊరి రైతు పానగోస్‌కి. కాటా ఒకటి చూపిస్తే ఈమె నోట్లోంచి ఇంకొకటి వస్తుందని కాఫీ కొట్టులో కూర్చుని ఊరంతా చాటాడు. ఆ మనిషికి నోరు తిన్నగా ఉండి చస్తేగా! పెద్దమ్మ కుంగిపోయింది. ఈ కోతల మొదటి రోజున తూకం తనంతట తాను ఆఫీసుకు పోకపోతే, కాటా గది తాళంచెవి రైతుల సంఘానికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానంది. నాకు ఒళ్ళు మండింది. యంత్రాలు బాగుచేయడం నా బతుకుతెరువు. కేబుల్ లేకుండానే అంకెలు పంపే వైర్‌లెస్ అడాప్టర్ ఒకటి కలమాటా పట్నం నుంచి తెచ్చాను.

అదేం బ్రహ్మవిద్య కాదు. కాటా వెనక పోర్టుకు దాన్ని తగిలించాలి. కాటా ఏ వేగంతో అంకెలు పంపుతుందో దీనికీ అదే వేగం పెట్టాలి, లేదంటే అంకెల బదులు పిచ్చి గీతలు వస్తాయి. ఆఫీసు వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇస్తే పని అయిపోయినట్టే. సాయంత్రం పెద్దమ్మనే కాటా ఎక్కించాను. ఆఫీసు కంప్యూటరు తెర మీద ఆమె బరువు కనబడింది. ఊళ్ళో ఎవరికీ చెప్పకే అని బతిమాలింది. రేపు పానగోస్ నోరు మూయిస్తాను చూడమని కాలరెగరేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే ఆవరణ నిండా జనం. పానగోస్ కావాలనే అందరికంటే ముందొచ్చాడు. ఆఫీసు తెరను అందరికీ కనబడేలా కిటికీలోకి తిప్పి పెట్టాం. అతని బస్తాలు కాటా ఎక్కాయి. తెర మీద ఏమీ రాలేదు. పానగోస్ చేతులు కట్టుకుని నవ్వాడు. పెద్దమ్మ తాళంచెవి కోసం ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది.

"ఆ చెయ్యి బయటికి తియ్యి పెద్దమ్మా, నేనింకా చావలేదు" అని కాటా గదిలోకి నడిచాను.

వేగం సరిగ్గానే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. ఆఫీసు వైఫై మాత్రం అడాప్టరుకు అందడం లేదు. నిన్న అందిందే! దీన్ని ముట్టుకున్నావా అని పెద్దమ్మను అడిగితే, ఒట్టు, వేలైనా పెట్టలేదంది. నిజమే, వేలు పెట్టలేదు. అడాప్టరుకు ముందు, కిటికీ వైపు, పునీత స్పిరిడాన్ పటం నిలబెట్టింది. ముఖమూ చేతులూ తప్ప పటమంతా వెండి రేకు తొడుగు.

"కొత్త సామాను కదే, స్వామి చూసుకుంటాడని పెట్టా."

"చూసుకుంటున్నాడు, ఒక్క అంకె బయటికి పోకుండా. అంత రేకు అడ్డం పెడితే వైఫై ఎలా అందుతుంది?"

పటం తియ్యబోతే నా చెయ్యి పట్టుకుంది. కోతల మొదటి రోజున, ఇంతమంది ముందు స్వామిని దించితే ఇక తన కాటాను నమ్మేదెవరంది. కిటికీ బయట జనం అప్పటికే పటాన్ని చూసి శిలువ గుర్తు వేసుకుంటున్నారు, పానగోస్‌తో సహా. ఆమె మాట కాదనలేకపోయాను. సరే, స్వామిని కదపను, దీన్నే ఆయన నెత్తిన పెడతానన్నాను. పటానికి పైన పెద్దమ్మ రోజూ తాళంచెవి తగిలించే మేకు ఉంది. అడాప్టర్‌ను దానికి వేలాడదీసి, యాంటెన్నాను ఆఫీసు వైపు తిప్పాను.

తెర మీద అంకెలు వచ్చాయి. జనమంతా అటు తిరిగారు. పెద్దమ్మ అలవాటు కొద్దీ అరవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆగిపోయింది.

"ఈసారి నువ్వే చదువు పానగోస్."

అతను ఏదో గొణిగాడు.

"వినపడలేదయ్యా. పోయిన కోతలంతా నేనెలా అరిచానో అలా అరువు."

పానగోస్ టోపీ తీసి, తన పంట తూకం ఆవరణంతా వినబడేలా అరిచాడు. పెద్దమ్మ కాటా మీది అంకె చూసి, సరిపోయిందన్నట్టు తలూపింది. ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని, తర్వాతి వాళ్ళను రమ్మంది.

మేకు మీద ఇప్పుడు అడాప్టర్ ఉంది. అందుకని తాళంచెవి పెద్దమ్మ జేబులోనే ఉంటోంది.