నడుము దగ్గరి మడత

"మన నమ్రత ఇంటర్వ్యూ వచ్చింది, చూశావా?" అంటూ మా ఆయన రవిశంకర్ ఫోను నా మొహం ముందు పెట్టాడు. నేనప్పుడు సింకు దగ్గర మా అత్తగారి కట్టుడుపళ్ళు కడుగుతున్నాను. ఇండియా నుంచి వచ్చిన మూడోవారంలోనే ఆవిడ మెట్ల మీద జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచి ఆవిడ పళ్ళు, జడ, చీర కుచ్చిళ్ళు అన్నీ నా చేతుల మీదుగానే.

నమ్రత ఇక్కడే అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పుట్టిన పిల్ల. వాళ్ళ అమ్మానాన్నలది తెనాలి. ఇరవయ్యారేళ్ళకే 'టైడ్‌లైన్' అనే కామిక్ సిరీస్‌కి కవర్లు వేసే అవకాశం వచ్చింది. ఆ వార్తే తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. రవి దానికింద అప్పటికే మూడు చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

"ఆ పుస్తకం వేసేది మా కంపెనీయే" అన్నాను, చేతులు తుడుచుకుంటూ.

"అవునా? ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. చెప్పాను. రెండుసార్లు. "అయినా నీది వేరులే ఇంద్రజా. ఉన్న బొమ్మకి దిద్దుబాటు చెయ్యడం నీది. ఆ అమ్మాయిది ఆర్ట్."

అతను ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అని, కాఫీ కప్పు సింకులో పడేసి, మీటింగ్ ఉందని పై గదిలోకి వెళ్ళిపోయాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

నేను హైదరాబాద్‌లో పెయింటింగ్ చదువుకున్నాను. నాలుగేళ్ళు ఒక వారపత్రికలో కథలకు బొమ్మలు వేశాను. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నా బొమ్మలు తిరగేసి, "పెళ్ళయ్యాక వేసుకోవద్దని ఎవరన్నారమ్మా, పనులన్నీ అయ్యాక వేసుకో" అన్నారు. ఇదే న్యూజెర్సీలోని పార్సిప్పనీకి వచ్చి పదిహేడేళ్ళయింది, పనులు ఇంకా అవలేదు. ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద పన్నెండేళ్ళు ఇంట్లో ఉన్నాను. వర్క్ పర్మిట్ వచ్చాక ఒక కామిక్స్ కంపెనీ ప్రొడక్షన్ విభాగంలో చేరాను. కవర్లు అచ్చుకు వెళ్ళేముందు రంగులు సరిచూడడం, బార్‌కోడ్‌కి చోటు చెయ్యడం నా పని. ఆ పనిలో చెప్పుకోని భాగం ఇంకొకటి ఉండేది. మా ఆర్ట్ డైరెక్టర్ గ్రెగ్ నుంచి ఒక్క లైను మెయిల్ వచ్చేది: 'నడుము కాస్త తగ్గించు', 'ఛాతీ దగ్గర వెలుగు పెంచు'. నేను తగ్గించేదాన్ని, పెంచేదాన్ని. నాలుగేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ పక్కటెముకలు తీసేశానో నాకే తెలీదు. అవన్నీ నేను వేసిన బొమ్మలు కావు కదా అనుకునేదాన్ని.

ఆరోజు మధ్యాహ్నం అత్తగారికి అన్నం కలిపి తినిపించి, పక్కన కూర్చుని నమ్రత ఇంటర్వ్యూ అంతా చదివాను. అందులోని ఫొటోలో ఆమె ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలో పొడుగాటి బల్ల ముందు కూర్చుని ఉంది. ఫొటోని పెద్దది చేసి ఆమె వేళ్ళు చూశాను. గోళ్ళలో పసుపు మరక లేదు. 'మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు, పోయి బొమ్మలేసుకో అనేది' అని చెప్పింది. ఆమె చేతికి వచ్చిన అవకాశం గురించి కాదు, ఆ తల్లి గురించిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత రోజూ ఆమె పేజీ తెరిచి చూడడం అలవాటైపోయింది. ఎవరెవరు మెచ్చుకున్నారో చదవడం, ఎక్కడైనా ఒక వేలు వంకరగా వేసిందేమో వెతకడం. దొరికేది కాదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చేది.

ఉగాది సభలో నమ్రతను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. నన్ను అడక్కుండానే రవి నా పేరు ఫుడ్ కమిటీలో ఇచ్చాడు, కాబట్టి నేను పులిహోర ట్రే వెనక నిలబడి ఉన్నాను. మా అమ్మాయి అదితికి పదిహేనేళ్ళు. నాతో మాటలు తగ్గించేసిన వయసు. అది నమ్రత పోస్టర్ మీద సంతకం పెట్టించుకుని, ఆమె చెయ్యి పట్టుకుని మరీ నా దగ్గరికి తీసుకొచ్చింది.

"మా అమ్మ కూడా నీ పబ్లిషర్ దగ్గరే వర్క్ చేస్తుంది. షీ లైక్... ఫైల్స్ ఫిక్స్ చేస్తుంది" అంది.

"ఓ, కూల్! ఆంటీ, జీడిపప్పు కొంచెం ఎక్కువ వెయ్యరా?" అంది నమ్రత నవ్వుతూ, ప్లేటు చాపి.

వేశాను. అదితి ఆ పిల్ల మొహంలోకి చూస్తున్న చూపు నా వైపు ఎప్పుడు తిరిగిందా అని గుర్తు తెచ్చుకోబోయాను. రాలేదు.

మే నెలలో నమ్రత మొదటి కవర్ ఫైలు నా కంప్యూటర్‌కి వచ్చింది. తెరిచి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. టైడ్‌లైన్ అనే ఆ హీరోయిన్ సముద్రాన్ని వెనక్కి నెట్టగలదు. ఇంతవరకూ వేసిన మగవాళ్ళందరూ ఆమెను నీళ్ళమీద తేలుతున్నట్టు, జుట్టు విరబోసుకుని వేశారు. నమ్రత మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబెట్టింది. వంతెన స్తంభానికి వీపు ఆనించి, రెండు చేతులతో అలని ఆపుతోంది. జబ్బలు లావుగా ఉన్నాయి. పళ్ళు బిగబట్టింది. వంగినందువల్ల నడుము దగ్గర పొట్ట ముందుకొచ్చి, సూటు మడతపడింది. బియ్యం బస్తా ఎత్తేటప్పుడు, అత్తగారిని టబ్బులోంచి లేపేటప్పుడు నాకు సరిగ్గా అక్కడే మడత పడుతుంది. ఇరవై ఏళ్ళుగా నేను వెయ్యాలనుకుంటున్న బొమ్మ అది. కాగితం మీద ఒక్క గీతైనా పెట్టలేదు గానీ, పప్పు కడుగుతూ, కారులో సిగ్నల్ దగ్గర ఆగుతూ, తలలో ఎన్నిసార్లు వేసుకున్నానో. ఎక్కడో ఇంకొకరు, నాకంటే ఎంతో చిన్న పిల్ల, అది వేసేసింది. బాగా వేసేసింది.

గ్రెగ్ మెయిల్ అరగంటలో వచ్చింది. 'నడుము తగ్గించు. కాస్త ఎనర్జీ కావాలి. నాలుగింటికి ప్రింటర్‌కి పంపాలి.' అంతే.

నడుము తగ్గించడానికి పది నిమిషాలు చాలు. నేను అక్కడ ఆగలేదు. మడత తీసేశాను. వెన్నెముకని మెలితిప్పాను, ఛాతీ, పిరుదులు రెండూ ఒకేసారి చూసేవాడి వైపు తిరిగేలా. బిగబట్టిన పళ్ళు తీసి పెదాలు విడదీశాను. సూటుని తడిపి ఒంటికి అంటించాను. మారిన ఒంటికి తగ్గట్టు నీళ్ళలో నీడ కూడా మళ్ళీ వేశాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. పైగా నాలుగేళ్ళలో ఎప్పుడూ లేని హుషారు వచ్చింది. చివర్లో కింద మూలన నమ్రత సంతకం కనిపించింది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. గ్రెగ్ చూసి 'వావ్' అని రాసి పంపించేశాడు. మా కాంట్రాక్టు ప్రకారం ఆర్టిస్టుకి మళ్ళీ చూపించాల్సిన పని లేదు.

కవర్ ఆన్‌లైన్‌లో పెట్టిన రోజే గొడవ మొదలైంది. ఒకావిడ ఆ వెన్నెముక మీద ఎర్రగీత గీసి, ఇలా తిరిగితే మనిషి బతకదని చూపించింది. ఎవరో ఒక మగ హీరోని అదే భంగిమలో వేసి పెట్టారు. దాన్ని చూసి లక్షమంది నవ్వారు. ఇంకోవైపు, కళకు స్వేచ్ఛ లేదా, ఈ ఆడవాళ్ళకి ప్రతిదీ తప్పేనా అని కొందరు మగవాళ్ళు కవర్‌ని నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరూ చివరికి ఒక్కచోటే కలిసేవారు. ఇది వేసింది ఆడపిల్ల! ఆడదై ఉండి ఇలా వేసిందని ఒకరు, ఆడదే వేసింది కదా మీకేంటని మరొకరు. 'ఇది నేను వేసిన బొమ్మ కాదు' అని నమ్రత ఒక్క వాక్యం రాసింది. కవర్లన్నీ ఆర్టిస్టుల అంగీకారంతోనే వస్తాయని కంపెనీ ప్రకటన ఇచ్చింది. ఆ పిల్లని ఎవరూ నమ్మలేదు.

నాకేమనిపించిందో దాచను. సంతోషమనిపించింది. ఆ తిట్లన్నీ కూర్చుని చదివాను. రవి గ్రూపులో తను పెట్టిన చప్పట్లు తీసేశాడు. "ఛీ, మన తెలుగువాళ్ళ పరువు తీసింది" అన్నాడు. "తల్లి పనీపాటా నేర్పకుండా పెంచితే ఇంతే మరి" అన్నారు అత్తగారు, నేను జడ వేస్తుంటే. అదితి గోడ మీద పోస్టర్ చింపేసి, మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది. వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. చాలాకాలం తర్వాత అది నా చెయ్యి తోసెయ్యలేదు. "షీ సోల్డ్ అవుట్, అమ్మా. అమ్ముడుపోయింది" అని నా ఒళ్ళో మొహం పెట్టుకుంది. దాని తల నిమురుతూ, గెలిచాననుకున్నాను.

మర్నాడు నమ్రత మా ఆఫీసుకి వచ్చింది. తన దగ్గరున్న బొమ్మ గొడవయ్యాక వేసిందేనంటున్నారని, తను పంపిన అసలు ఫైలు కంపెనీ నుంచే తేదీతో సహా కావాలని గ్రెగ్‌ని అడిగింది. లీగల్ వాళ్ళని అడగాలి అన్నాడు. బయటికి వెళ్తూ నన్ను చూసి ఆగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆంటీ, ఎవరు మార్చారో మీకు తెలుసా? మా అమ్మకి కూడా ఫోన్ చేసి తిడుతున్నారు."

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె తన ఫోనులో ఆ కవర్ తెరిచి, వేళ్ళతో పెద్దది చేసింది. "ఇది చూడండి. నీళ్ళలో రిఫ్లెక్షన్. ఎవరో మొత్తం మళ్ళీ పెయింట్ చేశారు. మెడ దగ్గర ఈ లైన్... దిస్ పర్సన్ కెన్ రియల్లీ డ్రా, ఆంటీ. నాకంటే బాగా వచ్చు వాళ్ళకి. అంత వచ్చినవాళ్ళు ఇది ఎందుకు చేస్తారు?"

ఈ దేశంలో నా గీత గురించి ఎవరైనా ఒక మంచి మాట అనడం అదే మొదటిసారి. అన్నది ఆ పిల్ల. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది, పొగడ్తలాగా, చెంపదెబ్బలాగా.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అదితి డస్ట్‌బిన్‌లోంచి పోస్టర్ ముక్కలు తీసి బల్ల మీద పరిచి చూస్తోంది. "అమ్మా, గర్ల్స్ కూడా గర్ల్స్‌కి ఇలా ఎందుకు చేస్తారు?" అని అడిగింది. నమ్రత గురించే అడిగింది.

జవాబు చెప్పడానికి నాకు రెండ్రోజులు పట్టింది. శనివారం పొద్దున్న, అత్తగారికి టిఫిను పెట్టాక, నమ్రతకి మెయిల్ రాశాను. ఆమె అసలు బొమ్మ, గ్రెగ్ మెయిలు, ఏ మార్పు ఎక్కడ చేశానో తెలిసేలా ఫైల్లోని ఒక్కొక్క పొరా విడివిడిగా జత చేశాను. 'మార్చింది నేను. ఇవి ఎవరికైనా చూపించుకో' అని కింద నా పూర్తి పేరు రాశాను. తర్వాత అదితిని పిలిచి చెప్పాను. అది తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సోమవారానికి నమ్రత అన్నీ బయటపెట్టింది. బుధవారానికి నా ఉద్యోగం పోయింది. కంపెనీ క్షమాపణ చెప్పి, అసలు బొమ్మతోనే పుస్తకం వేస్తామంది. రెండు పత్రికలవాళ్ళు నాకు ఫోన్ చేశారు. వాళ్ళు నా కథ ముందే రాసి పెట్టుకున్నారు: వలస వచ్చిన ఆడమనిషి, డిపెండెంట్ వీసా, బాస్ ఒత్తిడి. అవునంటే చాలు.

"అవునని చెప్పెయ్. బాస్ చెప్పాడు, చేశాను, నా తప్పేం లేదు అను. ఇష్యూ క్లోజ్" అన్నాడు రవి. "అసలు నీకెందుకు ఇదంతా? నిన్నెవరడిగారు?"

నమ్రత కలుద్దామని మెసేజ్ పెట్టింది. లైబ్రరీ పక్కన కాఫీ షాపులో కూర్చున్నాం. నాకోసం కూడా ఒక టీ తెచ్చి పెట్టింది. మొహంలో జాలి ఉంది. ఆ జాలి నేను భరించగలనో లేదో నాకే తెలియలేదు.

"ఐ యామ్ నాట్ మ్యాడ్ ఎట్ యూ, ఆంటీ" అంది మెల్లగా. "మీకు వేరే దారి లేదు కదా. వాళ్ళే మీచేత చేయించారు."

ఎంత సులువుగా తలుపు తెరిచి పెట్టింది. తల ఊపితే చాలు, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకునేది. పత్రికలో ఇద్దరి ఫొటో పక్కపక్కన వచ్చేది. అదితి తలుపు తీసేది. పెళ్ళయినప్పట్నుంచి నేను చేసిన ప్రతి పనికీ ఎవరో ఒకరు కారణం. అత్తగారు చెప్పారని, రవికి ఇష్టమని, వీసా అలా ఉందని, గ్రెగ్ రాశాడని. నా అంతట నేను, నా కోరికతో, నా నేర్పంతా పెట్టి చేసిన పని ఇది ఒక్కటే. ఇది కూడా వాళ్ళకి రాసిచ్చేస్తే ఇక నాదంటూ ఏం మిగులుతుంది?

"లేదు నమ్రతా" అన్నాను. "గ్రెగ్ నడుము తగ్గించమన్నాడు. మిగతాదంతా నేనే చేశాను. నీ బొమ్మ బాగుంది. అది నేను వెయ్యాల్సిన బొమ్మ. కుళ్ళుతో చేశాను."

నమ్రత కప్పు కింద పెట్టింది. మొహంలో జాలి కొంచెం కొంచెంగా పోయి, చెంపలు ఎర్రబడ్డాయి. బ్యాగు తీసుకుని లేచింది. నేను ఆపలేదు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి నావైపు చూసింది, తనకు సరిసాటి శత్రువుని చూసినట్టు.